సాక్షి సీసా

జూన్ 4, మంగళవారం

నలభై ఒకటి. నమ్మకం కుదరక మళ్ళీ యంత్రంలో పెట్టాను. ముప్పై తొమ్మిది.

నిన్న పొద్దున చివరి కుళాయి దగ్గర పట్టిన నీళ్ళలో డైక్లోఫెనాక్, లీటరుకు నలభై నానోగ్రాములు. ఊరి మురుగునే శుద్ధి చేసి తాగే నీళ్ళుగా మార్చే ప్లాంటు మాది, మురుగులో అది ఎప్పుడూ ఉండేదే. విండ్‌హుక్‌లో సగంమంది ఆ నొప్పుల మాత్ర మింగి పనికి వెళ్తారు. కానీ ఓజోన్ దాటి, బొగ్గు పడకలు దాటి, ఊరి గొట్టంలోకి వెళ్ళే చోట దానికేం పని? ఓజోన్ ముందు అది నిలవనే నిలవదు. పన్నెండేళ్ళలో ఆ కుళాయిలో దాన్ని ఒక్కసారీ చూడలేదు. మేం పెట్టుకున్న హద్దు ఇరవై.

నిన్న ప్లాంటులో డ్యూటీ ఆపరేటరు ఎరాస్టస్‌ది.

ఈ పుస్తకం మా అక్క హిల్డె కొనిచ్చింది. "కోపం వస్తే ఇందులో రాసుకో, నా మీద చూపించకు" అంది. సరే, రాస్తున్నాను. అక్షరాలు వంకరగా పోతున్నాయి. పొద్దున అక్క నా బొటనవేళ్ళకి ట్యూబు మందు రుద్దకపోతే ఈ వంకర కూడా ఉండేది కాదు. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియనక్కర్లేదు. పెన్షన్‌కి ఇంకా మూడేళ్ళుంది.

జూన్ 6, గురువారం

గిడియన్ డ్యూటీ. మేమిద్దరం ఒకే ఏడు ఉద్యోగంలో చేరాం. అతను ఏదీ అడగడు, చేతిలోది లాక్కుంటాడు.

"ఇటివ్వు ఎల్ఫీ. నువ్వు కబుర్లు చెప్పు, సీసాలు నేను చూసుకుంటా. ఈ జూన్ చలికి నా మోకాళ్ళు గడ్డకట్టేశాయి."

నీళ్ళ సీసా అతనే పట్టాడు, సాక్షి సీసా కూడా అతనే తెరిచి మూశాడు. సాక్షి సీసా నేను పెట్టిన ఆచారమే. ల్యాబ్‌లోని శుద్ధ నీళ్ళు నింపుకుని వెళ్ళి, కుళాయి పక్కనే మూత తీసి, మళ్ళీ బిగించి తెస్తాం. అందులో ఏదైనా కనబడితే తప్పు నీళ్ళది కాదు, పట్టిన మనిషిది. కొత్తగా చేరేవాళ్ళకి నేను మొదట నేర్పేది అదే.

జూన్ 7, శుక్రవారం

రెండు సీసాల్లోనూ ఏమీ లేదు.

గిడియన్ డ్యూటీ అయితే లేదు. ఎరాస్టస్ డ్యూటీ అయితే ఉంది. నేనేమీ అనడం లేదు, రాసుకుంటున్నానంతే.

జూన్ 10, సోమవారం

కారు అద్దం మీద మంచు గీకాల్సి వచ్చింది. ఎరాస్టస్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. నోటి దగ్గర వాసన చూశాను. నమూనా పట్టే పొద్దున ఎవరూ కాఫీ తాగకూడదు. ఎండకి రాసుకునే క్రీము, దోమల మందు, సెంటు, సిగరెట్టు, ఏవీ కూడదు. తొమ్మిది నియమాలు నా చేత్తో రాసి తలుపుకి అంటించి పన్నెండేళ్ళయింది.

"తాగలేదు టానీ. కావాలంటే ఊదమంటారా?" అన్నాడు నవ్వుతూ. యాభై దాటిన ప్రతి ఆడమనిషీ వీళ్ళకి టానీయే. అంటే అత్తయ్య. గౌరవంగానే అంటారు కానీ, ఇతను అన్నప్పుడు మాత్రం నా వయసు లెక్కపెడుతున్నట్టు ఉంటుంది.

కుళాయి దగ్గర మూత బిగుసుకుపోయింది. చేతితొడుగు వేసుకుంటే పట్టు జారుతోందని తీసేశాను.

"మూత నేను తిప్పనా టానీ?"

"ఏం, నాకు చేతుల్లేవా?"

"ఉన్నాయి. అందుకే అడుగుతున్నా."

ఈ మాటకి అర్థం ఏమిటి? ఎవరైనా ఏమైనా చెప్పారా ఇతనికి? మా పై అధికారి కవారి మేడమ్ ఏరికోరి పంపుహౌస్ నుంచి ఇతన్ని ఇక్కడికి తెచ్చింది. తెచ్చి ఇంకా ఆరు నెలలు కాలేదు. నమూనాలు పట్టడంలో శిక్షణ ఇప్పిస్తానని కూడా అందట. నమూనాలు పట్టేది నేను కదా, ఇతనికి ఎందుకు శిక్షణ?

మూత నేనే తిప్పాను. కాస్త ఆలస్యమైంది, అంతే.

జూన్ 11, మంగళవారం

యాభై ఆరు.

కవారి మేడమ్ గదికి వెళ్ళి కాగితం బల్ల మీద పెట్టాను. ఆవిడ నాణ్యత విభాగానికి అధిపతి. నాకన్నా పదిహేనేళ్ళు చిన్న. చదివి, మళ్ళీ చదివి, కళ్ళజోడు తీసింది.

"ఇదొక్కటేనా టానీ ఎల్ఫీ?"

"ఒక్కటి చాలదా?"

"ఓజోన్ ఆగిపోతే మూర్ఛ మందు కూడా రావాలి. చక్కెర బదులు వేసుకునే పొడి కూడా రావాలి. అవేవీ లేవు. గేటు తెరిచి ఉంటే మందలో ఒక్క మేకే ఎలా బయటికొచ్చింది?"

"అది కాపలా ఉన్నవాణ్ణి అడగండి."

"సాక్షి సీసా చూశారా?"

చెప్పాను.

తర్వాత ఎరాస్టస్‌ని పిలిపించింది. ఓజోన్ యంత్రం ఆపావా అని నేనే అడిగాను. ఆపలేదన్నాడు. అడగకముందే అలారం రికార్డులన్నీ చంకలో పెట్టుకొచ్చాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. తప్పు చేయనివాడికి ముందే కాగితాలు ఎందుకు?

జూన్ 12, బుధవారం

దుకాణంలో అయిదు లీటర్ల నీళ్ళ డబ్బాలు రెండు కొన్నాను. అక్క చూసింది.

"ఇదేంటే? ఇన్నేళ్ళూ ఊరందరికీ కుళాయి నీళ్ళు తాగమని చెప్పావు. చర్చిలో పాస్టరుతో కూడా వాదించావు. ఇప్పుడేమైంది?"

"నువ్వు టీ పెట్టు."

"ఏ నీళ్ళతో పెట్టమంటావో చెప్పు, పెడతా."

ఈవిడ నా పుస్తకం చదువుతోందేమో. రేపటి నుంచి సంచిలో పెట్టుకుపోవాలి.

జూన్ 13, గురువారం

గిడియన్. రెండు సీసాలూ అతనే. ఫలితం రేపు వస్తుంది కానీ నాకు ఇప్పుడే తెలుసు.

జూన్ 14, శుక్రవారం

ఏమీ లేదు. చెప్పానుగా.

జూన్ 17, సోమవారం

పొద్దున చలి మైనస్ రెండు. అక్క రెండుసార్లు మందు రుద్దింది, వేళ్ళకే కాదు, మణికట్టుకి కూడా. అయినా కుళాయి దగ్గర సీసా జారి పడబోయింది. ఎరాస్టస్ పట్టుకోవడానికి చెయ్యి చాపాడు.

"ముట్టుకోకు."

ఆగిపోయాడు. నేను నీళ్ళు పట్టేదాకా పక్కకి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత రిజిస్టరు తీసి ఏదో రాశాడు. అతని భుజం మీదుగా చూశాను. 'సమయం 7:10. పట్టినవారు: టానీ ఎల్ఫ్రీదా. సీసాలు: 1.'

నా సీసాలు లెక్కపెట్టమని ఇతనికి ఎవరు చెప్పారు? నా మీద కన్నేసి ఉంచమని చెప్పిందన్నమాట కవారి మేడమ్.

జూన్ 18, మంగళవారం

తొంభై మూడు.

ఫిర్యాదు రాశాను. మూడు సోమవారాలు, మూడు ఫలితాలు, మూడుసార్లూ ఒకే మనిషి డ్యూటీ. అలారం రికార్డులు అతని చేతిలోనే ఉంటాయి కాబట్టి వాటిని నమ్మకూడదని రాశాను. రిజిస్టరు రాసే తీరు బాగా లేదని కూడా చేర్చాను. ఊరికి వెళ్ళే నీళ్ళతో ఆడుకునేవాడికి లైసెన్సు ఉండకూడదని చివరి వాక్యం. సంతకం పెట్టేటప్పుడు పెన్ను రెండుసార్లు జారింది.

మధ్యాహ్నానికి మా నీళ్ళు ఊరి గొట్టంలో కలపడం ఆపేశారు. ఎరాస్టస్‌ని ఇంటికి పంపించేశారు. జులై నాలుగున విచారణ. తప్పు తేలితే ఆపరేటరు లైసెన్సు రద్దవుతుంది, ఇక దేశంలో ఏ నీళ్ళ ప్లాంటూ అతన్ని తీసుకోదు.

వెళ్తూ ల్యాబ్ తలుపు దగ్గర ఆగాడు.

"టానీ, నేనేం చేశానని మీరనుకుంటున్నారు? అది చెప్పండి చాలు, వెళ్ళిపోతా."

"నీకే తెలియాలి."

"నాకు తెలీదు కాబట్టేగా అడుగుతుంది."

పన్నెండేళ్ళు ఈ ఊరి నీళ్ళని కాపాడినదాన్ని. నాకు ఎవరి మీదా కక్ష లేదు.

జూన్ 20, గురువారం

గిడియన్ సీసాలు పట్టాడు. మూత బిగిస్తూ, "కుర్రాడు మంచివాడు ఎల్ఫీ" అన్నాడు.

"మంచివాళ్ళు కూడా అలారాలు ఆపుతారు."

"ఆపుతారు. మంచివాళ్ళు ఇంకా చాలా చేస్తారు."

ఇతను కూడానా?

జూన్ 21, శుక్రవారం

ఏమీ లేదు. ఎరాస్టస్ వెళ్ళాడు, మందూ వెళ్ళింది. ఇంకేం రుజువు కావాలి?

జూన్ 23, ఆదివారం

చర్చి నుంచి వస్తూ కటుతురా మార్కెట్‌లో ఆగాం. అక్కకి నిప్పుల మీద కాల్చిన మాంసం అక్కడే నిలబడి తినడం ఇష్టం. నాలుగు అడుగుల అవతల ఎరాస్టస్, అతని పక్కన తల్లి. ఆయన నన్ను చూసి టోపీ తీశాడు. ఇంటికి పంపించినవాడికి 'ఆయన' ఏమిటి? చెయ్యి దానంతట అదే రాసింది.

తల్లి నా దగ్గరికి వచ్చింది. కోపంగా లేదు, అదే ఇబ్బంది.

"మీ దగ్గర పని నేర్చుకోవాలని చెప్తుండేవాడమ్మా. ఆవిడ ఉన్నంతకాలం నీళ్ళకి భయం లేదనేవాడు. ఇప్పుడు మా వాకిట్లోకి నీళ్ళకొచ్చేవాళ్ళు కూడా అడుగుతున్నారు, మీవాడు మా పిల్లలకి ఏం తాగించాడని."

నేను మిరపపొడి కావాలని అటు తిరిగాను.

జూన్ 25, మంగళవారం

నిన్న గిడియన్. ఏమీ లేదు.

జూన్ 27, గురువారం

గిడియన్ మోకాలు వాచి సెలవు పెట్టాడు. రెండో లైను నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఆమెకి నమూనాల సంగతి తెలియదు. నేనే పట్టాను.

జూన్ 28, శుక్రవారం

అరవై రెండు.

జూన్ 29, శనివారం

ఎరాస్టస్ స్నేహితులు ఎవరైనా ఉన్నారా ప్లాంటులో? ఆ అమ్మాయి? ఆ అమ్మాయికి ఓజోన్ గది తాళం ఇస్తారా?

ఇవ్వరు.

ఫలితం ఇంకా పంపలేదు. సోమవారం మళ్ళీ చూసి పంపుతాను.

జూన్ 30, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. అక్క మందు రుద్దడానికి వస్తే వద్దన్నాను.

"ఎందుకొద్దు? నిన్నటిదాకా నువ్వే చెయ్యి చాపేదానివిగా?"

"వద్దంటే వద్దు."

ట్యూబు స్నానాల గదిలో అద్దం కింద ఉంది. లోపలికి నాలుగుసార్లు వెళ్ళాను.

జులై 1, సోమవారం

ఇవాళ కుళాయి నమూనా పట్టలేదు, మంగళవారానికి మార్చమని చెప్పాను. ల్యాబ్‌లోని శుద్ధ నీళ్ళతో రెండు సీసాలు నింపి, సంచిలో పెట్టుకుని, ప్లాంటు వెనక కంచె దగ్గరికి వెళ్ళాను. అక్కడ కుళాయి లేదు, ఓజోన్ లేదు, ఎరాస్టస్ లేడు. పొద్దున అక్క చేత ఎప్పటిలాగే మందు రుద్దించుకున్నాను. ఒక సీసా మూత ఎప్పటిలాగే తొడుగు తీసేసి తిప్పాను. రెండోది తోటమాలి చేత, కొత్త తొడుగులు వేయించి తిప్పించాను. ఎందుకని అతను అడగలేదు. చదువుకున్నవాళ్ళు ఏవో చేస్తుంటారనుకుని ఉంటాడు.

యంత్రం తిరుగుతుంటే పక్కన కూర్చోలేకపోయాను. నడవాలో నిలబడి తలుపు మీది తొమ్మిది నియమాలూ చదివాను. కాఫీ ఉంది, క్రీము ఉంది, సెంటు ఉంది. నొప్పుల మందు లేదు. అది రాసినప్పుడు నాకు నొప్పులు లేవు.

తోటమాలి తిప్పినదాంట్లో ఏమీ లేదు.

నాదాంట్లో డెబ్భై ఎనిమిది.

జులై 2, మంగళవారం

ట్యూబు మీద ఏముందో నాకు తెలియదని నిన్న రాయబోయాను. రాయలేదు. తెలుసు. మే నెలాఖరులో అక్క కొని తెచ్చినప్పుడే పెట్టె తిప్పి డైక్లోఫెనాక్ అని చదివాను. ఊరి నీళ్ళలో ఇదే కదా నేను వెతికేది అని నవ్వాను కూడా. తెలిసిన సంగతిని తెలియనట్టు నెల రోజులు దాచుకున్నాను, అదీ నా నుంచే.

ఇక మిగతాది కూడా రాస్తాను. ఎవరూ చదవరు.

సాక్షి సీసా సంగతి కవారి మేడమ్ అడిగిన రోజు "చెప్పాను" అని రాశాను. ఏం చెప్పానో రాయలేదు. "శుభ్రంగా ఉంది" అని చెప్పాను. అది తెరవనే లేదు. మూడో తేదీన తెరవలేదు, పదిన తెరవలేదు, పదిహేడున తెరవలేదు, ఇరవై ఏడున కూడా తెరవలేదు. ఒక మూత తిప్పేసరికి బొటనవేలి మొదట్లో మంట లేచేది. రెండో మూత తిప్పే ఓపిక ఉండేది కాదు. ఆ సీసాలో ఎప్పుడు మాత్రం ఏమొచ్చింది కనక అనుకున్నాను.

గిడియన్ అడక్కుండా లాక్కున్నాడు కాబట్టి నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి. ఎరాస్టస్ మర్యాదగా అడిగాడు కాబట్టి నేను వద్దన్నాను. అందుకే మందు అతని డ్యూటీలోనే కనబడింది. కంచే చేను మేసింది, నేను చేలో పనివాడి మీద కేసు పెట్టాను.

రిజిస్టరు తెచ్చుకుని చూశాను. గిడియన్ రోజుల్లో సీసాలు 2, 2, 2, 2. ఎరాస్టస్ రోజుల్లో 1, 1, 1. అతను నామీద కన్నేసి రాయలేదు. చూసింది రాశాడు. పని అలాగే చేయాలి, నేను చెప్పేదే అది.

జులై 3, బుధవారం

చెప్పకపోతే ఏమవుతుంది? ఇది ఇవాళంతా ఆలోచించాను. నేను మందు మానేస్తే చాలు, ఇక ఏ సీసాలోనూ ఏదీ రాదు. యంత్రం నా చేతిలో ఉంది. శుక్రవారం నాటి అరవై రెండు ఎవరూ చూడలేదు. అందరూ ఎరాస్టస్ పోయాక నీళ్ళు బాగుపడ్డాయనే అనుకుంటారు. నాకు మూడేళ్ళలో పెన్షన్ వస్తుంది, నీళ్ళను కాపాడిన టానీ అని గోడ మీద ఫోటో పెడతారు.

ఇది రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. కానీ ఆలోచించాను.

అక్కకి చెప్పాను. తిడుతుందనుకున్నాను. నా చేతులు తన ఒళ్ళో పెట్టుకుని, "నీకు నొప్పి అని చెప్పడానికి అంత చిన్నతనమేంటే? మన అమ్మకి కూడా ఇవే చేతులుగా" అంది. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

జులై 4, గురువారం

విచారణ గదిలో కవారి మేడమ్, యూనియన్ పెద్దాయన, ఎరాస్టస్. అతను పెళ్ళికి వేసుకునే కోటు వేసుకొచ్చాడు. ఎవరూ మొదలుపెట్టకముందే రిజిస్టరు, శుక్రవారం ఫలితం, రెండు సాక్షి సీసాల ఫలితాలు, చివరగా ట్యూబు బల్ల మీద పెట్టాను. చెప్పాల్సింది నిలబడే చెప్పాను.

కవారి మేడమ్ ట్యూబు తిప్పి చూసింది.

"సాక్షి సీసా ఎన్నిసార్లు తెరవలేదు?"

"నాలుగు."

"శుభ్రంగా ఉందని నాకెన్నిసార్లు చెప్పారు?"

"మీరడిగిన ప్రతిసారీ."

"రిజిస్టరు కాపీ నిన్న సాయంత్రం నేనూ చదివాను టానీ ఎల్ఫీ. ఆ ఒకట్లు చూశాను. పొద్దున మీ నోటితో వస్తే బాగుండుననుకున్నాను." ట్యూబు కింద పెట్టింది. "ముందే చదవాల్సింది. మీ సంతకం ఉంది కదా అని చదవలేదు."

ఆ మాట తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది.

ఫలితాల మీద నా సంతకం ఇవాళ్టి నుంచి చెల్లదు. నా మీద విచారణ ఉంటుంది. అది తేలేదాకా నమూనాలు ముట్టుకోకుండా, పట్టడం నేర్పించే పని మాత్రం చేయాలి. ఎరాస్టస్ సోమవారం నుంచి డ్యూటీకి రావచ్చు.

నడవాలో అతన్ని ఆపాను. క్షమించమన్నాను. వెంటనే పర్లేదంటాడనుకున్నాను. అనలేదు.

"పదహారు రోజులు టానీ. ఇంట్లో అందరూ అడిగారు. తర్వాత నన్ను నేనే ప్రశ్నించుకున్నా. ఏ వాల్వు మర్చిపోయానా, ఏ బటను తప్పు నొక్కానా అని రోజూ మొదట్నించి చివరిదాకా తలుచుకున్నా. చివరికి నేనే చేశానేమోననిపించింది. మీరు తప్పు చెప్పరు కదా మరి."

అతను నా వేళ్ళ వైపు చూశాడు.

"మీ చేతులు నొప్పి అని నాకు మొదటి రోజే తెలుసు. మా అమ్మ కూడా మూతలు అలాగే పట్టుకుంటుంది. అందుకే అడిగా. ఎగతాళికి కాదు."

జులై 5, శుక్రవారం

నీళ్ళ డబ్బాలు ఖాళీ చేసి మొక్కలకి పోశాను. అక్క కుళాయి నీళ్ళతో టీ పెట్టి ఏమీ అనకుండా ఇచ్చింది. అనకపోవడం ఆవిడకి చాలా కష్టమై ఉంటుంది.

జులై 8, సోమవారం

మళ్ళీ మంచు. మందు రాసుకోలేదు, వేళ్ళు మడత పడటం లేదు. గేటు దగ్గర ఎరాస్టస్ ఉన్నాడు. ఈసారి అతనే నా ముందు నిలబడ్డాడు.

"కాఫీ?"

"తాగలేదు."

"చేతులకి?"

"ఏమీ లేదు."

"అయినా జేబుల్లో పెట్టుకోండి టానీ. మీరు నేర్పేవారు, ముట్టుకునేవారు కాదు."

నవ్వలేదు అతను. నవ్వాలని నేనూ ఆశించలేదు. చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని కుళాయి దాకా అతని వెనకే నడిచాను. సంచి కింద పెట్టి, కొత్త తొడుగులు వేసుకుని, నీళ్ళ సీసా తీశాడు.

"ఎరాస్టస్, మూత నువ్వే తియ్యి నాయనా" అన్నాను. అనవసరం, తీసేది అతనే. కానీ ఆ మాట నా నోటితో ఒకసారి అనాలి.

అతను ఆ సీసా మళ్ళీ సంచిలో పెట్టేశాడు.

"ముందు సాక్షి సీసా కదా టానీ."

"అవును" అన్నాను. "ముందు అదే."

ల్యాబ్‌కి తిరిగొచ్చాక తలుపు మీది కాగితానికి పదో నియమం చేర్చమన్నాను. నా అక్షరాలు ఎవరికీ అర్థం కావడం లేదు, అతనే రాశాడు. 'చేతులు నొప్పిగా ఉంటే చెప్పాలి.' నేను చెప్పింది అది కాదు. నొప్పుల మందు కూడదని రాయమన్నాను. దిద్దమనలేదు.

జులై 9, మంగళవారం

సాక్షి సీసా: ఏమీ లేదు.
కుళాయి నీళ్ళు: ఏమీ లేదు.
సీసాలు: 2. పట్టినవారు: ఎరాస్టస్ నూయోమా.